తూము దగ్గర స్తోత్రం

బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఎదురుచూడటం, ఆ వేసవిలో సాలమోను కొత్తగా నేర్చుకున్న విద్య. పెరట్లో కొబ్బరిచెట్ల కింద కట్టిన బాత్రూము అది. పైన రేకుల కప్పు. తలుపు ఓరగా వేసి, గోడకు వీపు ఆనించి అతను కూర్చునేవాడు. ఎదురుగా తూము దగ్గర ఏడేళ్ళ తిమోతి నిలబడేవాడు. తండ్రికేసి చూసేవాడు కాదు. రేకుల సందులోంచి పడే ఎండ గీతలో వేళ్ళు ఆడించుకుంటూ, ఆ వేళ్ళ నీడ గోడ మీద ఎటు పోతోందో చూసుకునేవాడు. ఇద్దరూ అలా పావుగంట ఉండేవారు. ఏమీ జరిగేది కాదు. బయటికి వచ్చి వరండాలో కూర్చున్న అయిదు నిమిషాలకు చాప తడిసేది.

మొదటి వారం ఇంతకన్నా కష్టంగా గడిచింది. డైపరు తీసేసిన రోజు పిల్లవాడు పొద్దున్న ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా బిగపట్టాడు. ముఖం కందిపోయింది. కాళ్ళు మెలేసుకుని గోడ పట్టుకుని నడిచాడు. ఆఖరికి బీరువా తలుపు తీసి, తనే ఒక డైపరు తెచ్చి తండ్రి ఒళ్ళో పడేశాడు. సాలమోను ఓడిపోయి తొడిగాడు. తొడిగిన మరు నిమిషానికే అది బరువెక్కింది. పిల్లవాడి ముఖంలోకి వచ్చిన ప్రశాంతత చూసి అతనికి ఏడుపు వచ్చింది. వాడికి తెలియక కాదు. అన్నీ తెలుసు. ఎక్కడ పోయాలో వాడి లెక్క వాడికుంది, లోకం లెక్క వేరేగా ఉంది, అంతే.

సాలమోను పక్క ఊళ్ళో ప్రాథమిక పాఠశాల మాస్టారు. భార్య శాంతి కువైట్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. వెళ్ళి ఏడాదిన్నర అయింది. బడి ఉన్న రోజుల్లో పిల్లవాణ్ణి పక్కింటి ఎలీసమ్మ చూసుకునేది. అతనికి వరసకు దొడ్డమ్మ. కానీ ఆమెకు చూపు తగ్గిపోయింది. మార్చి నెలలో ఒకరోజు, దండెం మీద ఆరేసిన తిమోతి చొక్కాని తిమోతి అనుకుని, "అక్కడే ఉండు నాన్నా, ఎండలోకి ఎల్లకు" అని గంటసేపు దానితో మాట్లాడుతూ కూర్చుంది. ఆ గంటలో తిమోతి కాలవ రేవు ఆఖరి మెట్టు మీద, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, నీటి మీద ఎండ చూస్తున్నాడు. రేవులో బట్టలుతుక్కుంటున్న ఎవరో ఎత్తుకొచ్చి ఇచ్చారు. ఎలీసమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి, "నావల్ల కాదురా సాల్మోనూ, నా కళ్ళు పోయినా పర్లేదు గానీ ఆ పిల్లోడు పోతే నేనేం చెప్పను దాని తల్లికి" అంది.

అమలాపురంలో తిమోతిలా మాటలు రాని, తమ లోకంలో తాముండే పిల్లల కోసం ఒక కేంద్రం ఉంది. అక్కడి టీచరు సత్యవేణి దాపరికం లేకుండా చెప్పింది.

"ఒక్క సీటుందండి మాస్టారూ. జూన్ పదిన ఒక్క పూట ఇక్కడ ఉంచి చూస్తాం. డైపరు లేకుండా ఉండాలండి. పిల్లలు పద్దెనిమిది మంది, ఆయమ్మ ఒక్కర్తే. ఇదొక్కటీ మీరు ఇంటి దగ్గర నేర్పేసి తెండి, మిగతాది మేం చూసుకుంటాం."

"ఆయ్" అన్నాడు సాలమోను.

సీటు రాకపోతే ఏమవుతుందో శాంతి ఫోనులో చెప్పింది. "నేనొచ్చేస్తాను లెండి" అంది. ఆ గొంతులో ఇష్టం లేదు, భయం ఉంది. ఆమె జీతం కోసమే వెళ్ళిందని ఊరంతా అనుకుంటుంది. సాలమోనుకు మాత్రం, విమానాశ్రయంలో లోపలి గాజు తలుపు దాటాక ఆమె భుజాలు ఒక్కసారి కిందికి దిగడం గుర్తుంది. నాలుగేళ్ళుగా పైకి లాగి పెట్టుకున్న భుజాలు. ఆమె మీద అతనికి కోపం రాలేదు. ఆ భుజాలు మళ్ళీ పైకి లేవకూడదని మాత్రం అనుకున్నాడు.

బీరువా తలుపుకు ఒక చార్టు అంటించాడు. తేదీలు, వేళలు, తూము దగ్గర, చాప మీద, డైపర్లో అని గళ్ళు గీశాడు. సాయంత్రం వీడియో కాల్‌లో శాంతి మొదట అడిగేది దాని గురించే.

"ఈవేళెన్ని?"

"నాలుగు. నాలుగూ చాప మీదే."

"రెండుకి?"

"అది పర్లేదు. పొద్దున్నే వేడి పాలు తాగించి కూర్చోబెడితే అవుతోంది. దొడ్డమ్మ చెప్పింది."

"ఏడ్చేడా?"

"లేదు."

"మీరు?"

అతను నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. వాళ్ళ మధ్య మిగిలిన సంసారమంతా ఆ చార్టులోని గళ్ళలో పడుకుని ఉన్నట్టు అనిపించేది అతనికి.

మే రెండో వారంలో ఒక మధ్యాహ్నం, మోటారు ఆపడం మరిచిపోయాడు. ట్యాంకు నిండి, నీళ్ళు బాత్రూము రేకుల మీద పడి, గోడ వెంట జారి, కిందికి వచ్చి తూములోకి పారాయి. తిమోతి ఎండ గీతను వదిలేసి ఆ నీటి దారినే చూశాడు. గోడ మీంచి నేలకు, నేల మీంచి తూముకు. చూస్తూ చూస్తూ, ఎవరూ చెప్పకుండానే, తన దారి కూడా దానితో కలిపాడు.

సాలమోను బకెట్టు మీంచి లేచాడు. నోట్లోంచి ఒక మాట ఊడిపడింది.

"స్తోత్రం!"

అది అతని మాట కాదు, వాళ్ళమ్మది. పాలు విరక్కపోతే స్తోత్రం, కోటిపల్లి బస్సు వేళకు వస్తే స్తోత్రం, పొయ్యి ఒక్క పుల్లకే అంటుకుంటే స్తోత్రం అనేది ఆవిడ. ఆవిడ పోయాక ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. తిమోతికి మైకు శబ్దం పడక, మందిరానికి వెళ్ళడమూ మానేశారు. వెళ్ళి రెండేళ్ళు దాటింది. దేవుడి సంగతి అడిగితే సాలమోను ఏం చెప్పేవాడో తెలియదు. ఎవరూ అడగలేదు.

ఆ మాట విని తిమోతి తల తిప్పాడు. తండ్రి కళ్ళలోకి కాదు, నోటివైపు చూశాడు. పెదవులు మళ్ళీ కదులుతాయేమోనని చూస్తున్నట్టు, కన్నార్పకుండా చూశాడు. పుట్టిన ఏడేళ్ళలో వాడు తండ్రి ముఖంలో ఏదో ఒక చోట అంతసేపు చూపు నిలపడం అదే మొదలు.

"స్తోత్రం" అన్నాడు సాలమోను మళ్ళీ, ఈసారి మెల్లిగా.

తర్వాత పదిహేను రోజులూ అతని జీవితంలో ఒక పండగలా నడిచాయి. ఆ పండగలో ఉన్నది ఇద్దరే. పని జరిగినప్పుడల్లా ఆ మాట అనేవాడు. తర్వాత్తర్వాత, పని జరగడం ఆలస్యమైతే ముందుగానే అనడం మొదలుపెట్టాడు. బకెట్టు మీద కూర్చుని, పిల్లవాడు తన నోటివైపు చూసేదాకా ఆగి, "స్తోత్రం" అనేవాడు. పని అయిపోయేది. చాప ఆరింది. బీరువాలో డైపర్ల కట్ట అలాగే ఉండిపోయింది. చార్టులో తూము గడి నిండి, పక్క గడిలోకి టిక్కులు పొంగాయి.

ఇక్కడొక సంగతి చెప్పాలి. సాలమోను బీయీడీ అయ్యాక, ఉద్యోగం రాకముందు, నాలుగేళ్ళు కోచింగ్ సెంటర్లో శిశు మనస్తత్వశాస్త్రం చెప్పాడు. గంట కొట్టి కుక్కకు అన్నం పెట్టిన శాస్త్రవేత్త పాఠం అతనికి కంఠతా వచ్చు. అన్నం చూస్తే నోరూరడం మామూలే, కొన్నాళ్ళకు గంట వింటేనే నోరూరుతుంది అని బోర్డు మీద బొమ్మ వేసి చెప్పేవాడు. పిల్లలు నవ్వుకోవడానికి కుక్కకు పెద్ద నాలుక వేసేవాడు. అంత తెలిసినవాడికి, తన పెరట్లో తను కొడుతున్నది గంటేనని తట్టలేదు. తనకు దొరికిన ఆనందాన్ని పాఠంలో పెట్టి చూసుకోవాలని ఎవరికి తోస్తుంది?

అతన్ని వేధించింది వేరే విషయం. ఆ ఆనందం చెప్పుకోవడానికి మనిషి లేడు. తోటి మాస్టర్లకు ఫోను చేసి, మా ఏడేళ్ళవాడు తూము దగ్గర పాస్ పోస్తున్నాడు అని ఎలా చెప్పడం? వాళ్ళ పిల్లలు ఏడేళ్ళకు ఎక్కాలు అప్పజెబుతున్నారు. శాంతికి చెప్పాడు. ఆమె తెర మీద చేతుల్లో ముఖం దాచుకుంది. సిగ్నలు పోయింది. మళ్ళీ కలిసేసరికి ఆమె డ్యూటీకి వెళ్ళిపోయింది.

ఎలీసమ్మ ఒక్కర్తే చూసి వెళ్దామని వచ్చింది. ఆరిన చాప తడిమి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని మరీ నమ్మింది.

"నేను మోకాళ్ళ మీద అడిగేన్రా దేవుణ్ణి. అయ్యా, ఈ పిల్లోడికి పెద్ద సదువులొద్దు, కాస్త ఉచ్చపోసుకోడం నేర్పు సావీ అని. ఇచ్చేడా లేదా?"

"ఇచ్చేడు దొడ్డమ్మా."

"మరి సాక్ష్యం చెప్పవా? మేలు పొంది నోరు మూసుక్కూచుంటే ఎలాగ? ఆదివారం రా. పిల్లోణ్ణి తీసుకురా. మైకు సౌండు తగ్గించమని నేను చెప్తాలే."

వాళ్ళ మందిరంలో అదొక పద్ధతి. ప్రార్థించిన పని జరిగితే, జరిగినవాళ్ళు లేచి అందరి ముందూ రెండు మాటలు చెప్పాలి. జ్వరం తగ్గినవాళ్ళు, వీసా వచ్చినవాళ్ళు, ఈనిన గేదె బతికినవాళ్ళు చెబుతారు. వినేవాళ్ళు సంతోషిస్తారు. సాలమోను చిన్నప్పుడు అది విని నవ్వుకునేవాడు. ఇప్పుడు రాత్రి పడుకుని, ఏం చెప్పాలో మనసులో రాసుకున్నాడు, కొట్టేశాడు, మళ్ళీ రాసుకున్నాడు. నూట యాభై మంది మనుషులు ఒకేసారి తన మాట వింటారు. తనకు కావలసింది దేవుడా, ఆ మనుషులా అని ప్రశ్న వేసుకుని, జవాబు తెలిసి, పక్కకు తిరిగి పడుకున్నాడు.

ఆదివారం ఎండ తొమ్మిదింటికే చురుక్కుమంది. మందిరం బయట చెప్పుల వరస పక్కన స్కూటరు ఆపాడు. తిమోతి చెప్పుల్ని చూసి ఆగిపోయాడు. ఎడమవన్నీ ఒకవైపు, కుడివన్నీ ఒకవైపు పెట్టడానికి వంగితే, ఎలీసమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి ఆడవాళ్ళ వైపు చాప మీద, ఫ్యాను కింద కూర్చోబెట్టింది. వాడు ఫ్యానుకేసి చూస్తూ ఉండిపోయాడు. అంతా బాగానే ఉంది. మైకు సౌండు నిజంగానే తగ్గించారు. రెండేళ్ళ తర్వాత వచ్చాడని నలుగురూ వచ్చి చేతులు కలిపారు, "వందనాలండి మాస్టారూ" అన్నారు. అతని అరచెయ్యి చాలాసేపు వెచ్చగా ఉండిపోయింది.

పాటలయ్యాక, సంఘ పెద్ద శ్యామ్ బాబు గారు లేచారు. రిటైరైన హెడ్మాస్టరు. సాలమోనుకు ఏడో తరగతిలో లెక్కలు చెప్పిన మనిషి. "మన సాలమోను మాస్టారు ఒక సాక్ష్యం చెప్తారు" అని పిలిచారు.

సాలమోను మైకు ముందు నిలబడ్డాడు. రాసుకున్నదేదీ గుర్తు రాలేదు.

"అందరికీ వందనాలండి. మా అబ్బాయి సంగతి మీకందరికీ తెలుసు. చాలామందికి... చాలామందికి అది చిన్న విషయం అండి. మాకు చిన్నది కాదు. ఏడేళ్ళు పట్టింది." ముందు వరసలో ఒక ముసలాయన తల ఊపుతున్నాడు. ఆ తల ఊపడం చూసి సాలమోను కళ్ళు నిండాయి. "ఇంతకన్నా చెప్పడం నాకు రాదండి. దేవుడికి స్తోత్రం."

"స్తోత్రం!" అన్నారు మందిరంలో అందరూ, చేతులెత్తి, మనస్ఫూర్తిగా.

తిమోతి లేచి నిలబడ్డాడు.

వాడు తప్పేమీ చేయలేదు. నేర్పినట్టే చేశాడు. ఎప్పుడూ ఒక్క నోరు అడిగేది, ఈవేళ నూట యాభై నోళ్ళు అడిగాయి. ఫ్యాను కింద, చాపల మధ్యన, కానుకల సంచి పట్టుకుని నిలబడ్డ అమ్మాయి పక్కన నిక్కరు కిందికి లాగి, వాడు ఆ మాటకు బదులిచ్చాడు. ఆడవాళ్ళు చీరలు ఎత్తి పట్టుకుని లేచారు. ఎవరో పిల్లలు పకాలున నవ్వితే, ఎవరో వాళ్ళ నెత్తి మీద మొట్టారు. ఎలీసమ్మ ఏం జరిగిందో కనబడక, "ఏటి, ఏటైంది, నీళ్ళెవరు ఒలకబోసేరు?" అని చుట్టూ అడుగుతోంది.

పని పూర్తయ్యాక తిమోతి తల తిప్పాడు. అంత దూరం నుంచి, అంతమంది మధ్యలోంచి, తండ్రి నోటివైపు చూశాడు. ఎదురుచూశాడు.

సాలమోను నోరు మైకు ముందే ఉంది. అది తెరుచుకోలేదు.

తడిసిన చాప తనే కడుగుతానని పట్టుబట్టి, పంపు దగ్గర కడిగాడు. శ్యామ్ బాబు గారు వచ్చి పక్కన నిలబడ్డారు. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"పిల్లాడి మీద నాకేం లేదు సాలమోనూ. పసివాడు. కానీ అది దేవుడి సన్నిధిలో వాడే మాట. దాన్ని పట్టుకెళ్ళి బాత్రూములో... నువ్వు చదువుకున్నవాడివి. ఇంకో మాట దొరకలేదా నీకు?"

"తెలీక చేసేనండి."

"మార్చు. మార్చేక తీసుకురా. ఎవరూ ఏమీ అనుకోరు."

వెనక నుంచి ఎలీసమ్మ అందుకుంది. "దేవుడు చేసిందే గదండీ ఉచ్చ కూడాను. ఆయనకి లేని సిగ్గు మీకెందుకండీ?"

"నువ్వూరుకో దొడ్డమ్మా" అన్నాడు సాలమోను. ఆ ముసలామె మీద విసుక్కోవడం అతని జన్మలో అదే మొదటిసారి.

ఇంటికి వచ్చి మాట మార్చాడు. "శభాష్" అని పెట్టుకున్నాడు. బడిలో వాడే మాట, ఎవరి దేవుడికీ చెందని మాట. బకెట్టు మీద కూర్చుని, పిల్లవాడు నోటివైపు చూసేదాకా ఆగి, "శభాష్" అన్నాడు. తిమోతి చూశాడు. కాసేపు ఆగి ఇంకా చూశాడు. ఏమీ జరగలేదు. మళ్ళీ మళ్ళీ అన్నాడు. పిల్లవాడు ముఖం తిప్పేసి, ఎండ గీతలోకి వేళ్ళు తీసుకెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం చాప తడిసింది.

రెండో రోజు నుంచి వాడికి కొత్త అలవాటు ఒకటి వచ్చింది. ఉన్నట్టుండి వచ్చి తండ్రి కింది పెదవి రెండు వేళ్ళతో పట్టుకుని లాగేవాడు. అన్నం కలుపుతుంటే వచ్చి లాగేవాడు, పేపరు చదువుతుంటే వచ్చి లాగేవాడు. గోరు గీరుకుని పెదవి మీద చిన్న పుండు పడింది. ఇలాంటి పిల్లలకు అలవాట్లు వస్తుంటాయి, పోతుంటాయి. ఆ మధ్య మూడు నెలలు తలుపు గొళ్ళెం ఆడించాడు. అంతకుముందు గోడలు వాసన చూశాడు. సాలమోను మెల్లిగా చెయ్యి విడిపించి, చార్టు కింద రాశాడు: 'పెదవి లాగడం. కొత్తది.' కాసేపటికి ఎక్కడో ఒకచోట నేల తడిసేది. రెండు విషయాలూ రెండు వేరు వేరు గళ్ళలో ఉన్నాయి.

ఆ రోజుల్లో ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉండేది. ఇంతకుముందు కూడా ఆ ఇంట్లో మాట్లాడేది ఒక్కడే. కానీ ఆ ఒక్కడి మాటల్లో ఒక మాటకు జవాబు వచ్చేది. ఇప్పుడు అదీ పోయింది. ఎలీసమ్మ రావడం మానేసింది. అలిగిందో, సిగ్గుపడిందో. మందిరం నుంచి ఎవరూ ఫోను చెయ్యలేదు. శాంతి "ఈవేళెన్ని?" అని అడిగితే, "పర్లేదు" అన్నాడు. ఆమె మరి అడగలేదు. తెలిసే అడగలేదని అతనికి తెలుసు.

జూన్ పదో తారీకు పొద్దున్న, సంచిలో మూడు నిక్కర్లు, ఒక తువ్వాలు సర్దుకుని, తిమోతిని స్కూటరు ముందు నిలబెట్టుకుని బయల్దేరాడు. మనసులో ఒక దొంగ లెక్క ఉంది. తొమ్మిది నుంచి పన్నెండు, మూడే గంటలు. బిగపట్టడంలో వాడు మొనగాడు. అందుకని పొద్దున్నించీ గుక్కెడు పాలు తప్ప ఏమీ తాగించలేదు. నీళ్ళకు చెయ్యి చాపితే గ్లాసు దూరం జరిపాడు. అంబాజీపేటలో కొబ్బరికాయల లారీ అడ్డంగా ఉండి పది నిమిషాలు ఆగాల్సి వచ్చింది. కూలీలు కాయలు విసురుతుంటే, లారీ మీద నిలబడ్డవాడు పట్టుకుని పేర్చుతున్నాడు. తిమోతి ఆ కాయల రాకపోకల్ని చూస్తూ గొంతులోంచి సన్నగా కూనిరాగం తీశాడు. వాడి తల మీద గడ్డం ఆనించి, పిల్లవాడి పుర్రెలోంచి ఆ రాగం తన దవడలోకి పాకడం అనుభవించాడు సాలమోను. నీళ్ళ గ్లాసు దూరం జరిపిన చేత్తోనే వాడి చొక్కా కాలరు సర్దాడు.

కేంద్రంలో సత్యవేణి నవ్వుతూ ఎదురొచ్చింది. "మీరు బయట కూర్చోండి మాస్టారూ. తల్లిదండ్రులుంటే పిల్లలు మాకు అలవాటు పడరండి. పదిన్నరకి అందరికీ మజ్జిగిస్తాం, బాబుకి పడుతుందాండీ?"

సాలమోను దొంగ లెక్కలో మజ్జిగ లేదు. "పడుతుందండి" అన్నాడు.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. లోపల పిల్లల అరుపులు, ఒక డప్పు, ఎవరో చప్పట్లు. తిమోతి గొంతు వేరు చేసి వినడానికి ప్రయత్నించాడు, దొరకలేదు. పదిన్నరకి గ్లాసుల చప్పుడు వినిపించింది. పదకొండు అయింది.

ఆయమ్మ బయటికి వచ్చింది. దుర్గాదేవి అని గేటు దగ్గరే పరిచయం చేసుకుంది, ఓడలరేవు నుంచి రోజూ బస్సులో వస్తుందట. నుదుట పెద్ద కుంకుమ బొట్టు, చేతికి ఎర్ర తాడు. నోటి దగ్గర చెంగు అడ్డం పెట్టుకుని ఉంది.

"ఏవండీ మాస్టారూ, బాబు నా పెదవి పట్టుకుని లాగేస్తన్నాడండీ. వదల్డం లేదు. బిస్కెట్టిచ్చేను, పారేసేడు. కాళ్ళు మెలేసుకుంటన్నాడు. ఏం కావాలంటాడో నాకు తెలీటం లేదండి."

సాలమోను ఆమె చెంగుకేసి చూశాడు. తర్వాత చెంగు వెనకున్న నోటికేసి చూశాడు. తన నాలుక తన పెదవి మీది పుండును తాకింది.

పెదవి లాగడం. కొత్తది.

వాడు అడిగాడు. పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి ఒక మాట కోసం, మాట రాని పిల్లవాడు, తండ్రి దగ్గరికి వచ్చి, ఆ మాట ఎక్కడ ఉంటుందో సరిగ్గా అక్కడ చెయ్యి వేసి అడిగాడు. రోజుకు అయిదుసార్లు, ఆరుసార్లు అడిగాడు. శిశు మనస్తత్వశాస్త్రం చెప్పిన మాస్టారు ఆ చెయ్యి విడిపించి, చార్టులో రాసుకున్నాడు.

"మాస్టారూ?" అంది దుర్గాదేవి.

"నేను లోపలికి వస్తానమ్మా. రెండే నిమిషాలు."

"మేడమ్ గారు ఒప్పుకోరండీ. నాకు చెప్పండి, ఏం చెయ్యాలో నేను చేస్తాను."

అతను లేచి నిలబడ్డాడు. శ్యామ్ బాబు గారి ముఖం గుర్తొచ్చింది. ఈమె బొట్టు కనబడుతోంది. ఏ ముఖం పెట్టుకుని చెప్పడం? అన్నిటికన్నా లోపల, చెప్పుకోవడానికి సిగ్గయ్యే మరో సంగతి ఉంది. అది తన మాట. ఆ మాటకు వాడు తన ఒక్కడి నోటివైపే చూస్తాడు. దాన్ని ఈ మనిషికి ఇచ్చేస్తే తన దగ్గర ఇంకేం మిగలదు.

లోపల్నుంచి ఒక కేక వినిపించింది. తిమోతిదే. ఈసారి వేరు చేయనక్కర్లేకపోయింది.

"బాత్రూములోకి తీసుకెళ్ళి ఒక మాట అనాలమ్మా. అంటే పోస్తాడు."

"ఏం మాటండి?"

"స్తోత్రం."

"చర్చీలో అంటారు, అదేనాండి?"

"అదే. మీకు అభ్యంతరమైతే..."

"ఓస్, ఇంతేనాండీ! మా ఈధిలో మైకులో రోజూ ఇంటానే ఉంటానండి. నోరేం అరిగిపోద్దా." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "గట్టిగా అనాలాండి, మెల్లిగానా?"

ఇన్నాళ్ళలో అతన్ని అలా అడిగినవాళ్ళు లేరు.

"మెల్లిగా" అన్నాడు. "ముందు కాస్త ఆగాలి. వాడు మీ నోటివైపు చూస్తాడు. చూసేక అనాలి. అయ్యేక ఇంకోసారి అనాలమ్మా. అది మర్చిపోకండి. మళ్ళీ చూస్తాడు, అప్పుడు తప్పకుండా అనాలి."

"ఆయ్, అలాగేనండి."

ఆమె వెళ్ళిపోయింది. బాత్రూము కిటికీ వరండా చివర గోడకు ఉంది. సాలమోను అక్కడికి నడిచి, కిటికీ కింద నిలబడ్డాడు. తలుపు చప్పుడైంది. కాసేపు ఏమీ లేదు. ఆమె నిజంగానే ఆగుతోంది.

"స్తోత్రం బాబూ" అంది దుర్గాదేవి గొంతు, చేపలమ్మేవాళ్ళలా ఎంత తగ్గించినా వీధిలోకి వినపడే గొంతు. "స్తోత్రం నాయనా."

నీళ్ళ చప్పుడు. చాలాసేపు, ఆగకుండా.

ఆగాక, చిన్న సందు. తిమోతి తల తిప్పుతున్నాడు, పైకి చూస్తున్నాడు, ఎదురుచూస్తున్నాడు. సాలమోనుకు గోడ అవతలి నుంచి అంతా కనబడింది. అతని పెదవులు వాటంతటవే తెరుచుకున్నాయి.

"స్తోత్రం" అంది దుర్గాదేవి, అతనికన్నా ముందు.

తర్వాత కిటికీలోంచి ఆమె కేక వేసింది. "పోసేడండీ మాస్టారూ! సుబ్బరంగా పోసేడు!"

"ఆయ్" అన్నాడు సాలమోను.

తిరిగి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. లోపల డప్పు మళ్ళీ మొదలైంది. సీటు వచ్చినట్టే. శాంతి అక్కడే ఉండొచ్చు, భుజాలు దించుకుని. ఫోను తీసి 'ఒకటి' అని టైపు చేసి పంపాడు. ఆమె డ్యూటీలో ఉన్నట్టుంది, చూడలేదు.

ఎవరి నోరైనా చాలు వాడికి. అలాగే ఉండాలి. అలా ఉంటేనే వాడు బతుకుతాడు. ఈ మాట తనకు తాను రెండుసార్లు చెప్పుకున్నాడు, పిల్లలకు పాఠం చెప్పినట్టు.

పన్నెండు అవడానికి ఇంకా నలభై నిమిషాలున్నాయి. ఏడేళ్ళలో అతనికి చెయ్యడానికి ఏ పనీ లేని నలభై నిమిషాలు. పక్కనున్న సంచి ఒళ్ళోకి తీసుకుని, మూడు నిక్కర్లూ బయటికి తీసి, మడతలు నలగకపోయినా మళ్ళీ మడతపెట్టాడు. తువ్వాలు పైన పెట్టాడు. సంచి మూతి కట్టాడు. ఆ తర్వాత చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఒక వేలు పైకెత్తి, పెదవి మీది పుండు ఇంకా ఉందో లేదో తడిమి చూసుకున్నాడు.